నాన్న పడుకున్నాడు

జూలై 4

అక్కకి,

నిలబడి చదువుతుంటే కూర్చో. కూర్చుని చదువుతుంటే చేతిలో గ్లాసు ఉంటే కింద పెట్టు. గవ్వని బడి మాన్పించేశాను.

తిట్లు తరవాత. ముందు జరిగింది విను. సోమవారం టీచరమ్మ గోడకి మ్యాపు తగిలించి నదులు చూపిస్తోందట. మన గవ్వ లేచి, నీళ్ళకి నీలం రంగు ఎందుకు వేశారు, మా ఇంటి వెనక కాలువ నల్లగా ఉంది కదా అని అడిగింది. క్లాసంతా నవ్వింది. తొమ్మిదేళ్ళ పిల్ల అడగాల్సిన ప్రశ్న అంటే అదే. ఆవిడ మటుకు దాన్ని గోడవైపు తిప్పి, నోటిమీద వేలు పెట్టించి మూడు పీరియడ్లు నిలబెట్టింది. ఇంటికొచ్చాక కూడా అది వేలు తియ్యలేదు అక్కా. అన్నం పెడితే వేలు తీసి ముద్ద పెట్టుకుని, మళ్ళీ వేలు పెట్టుకుంది. అదేమిటే అంటే, "టీచర్ తియ్యమనలేదు మావయ్యా" అంది.

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు వెళ్ళి హెడ్మాస్టరు బల్ల మీద గుద్దాను. ఆయన పెన్నుల స్టాండు పడి పగిలింది. అది నా తప్పు, ఒప్పుకుంటాను. మిగతాది కాదు.

ఇంట్లోనే చదివించుకోవచ్చని రూలు ఉంది. మా ప్రెస్సులో కిందటేడు అచ్చయిన ఆకుపచ్చ అట్ట పుస్తకంలో అంతా వివరంగా ఉంది. నా చేత్తో మడిచి కుట్టిన పుస్తకం, నాకు నోటికి వచ్చు. గంట కొడితే లేవడం, గంట కొడితే కూర్చోవడం, గంట కొడితే ఆకలెయ్యడం. దీన్ని బడి అంటే ఇక జైలుకి ఏం పేరు పెడతాం? మనింట్లో గంట ఉండదు. బెంచీ ఉండదు. నోటిమీద వేలు ఉండదు.

ఫారం మీద తండ్రి సంతకం కావాలన్నారు. బావ పొద్దున్న ఆరింటికి కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చి, ఒక బూటు విప్పి రెండో బూటు విప్పుతూ పెట్టాడు. నిద్రమత్తులో పెట్టాడని నువ్వంటావు. చదివి వినిపిస్తానంటే, "నువ్వు చదివావుగా" అన్నాడు.

మార్చిలో విద్యాశాఖవాళ్ళు పిలిచి పరీక్ష పెడతారు, రాతా నోటి పరీక్షా రెండూ. తప్పితే మళ్ళీ అదే బడి, అదే క్లాసు, అదే టీచరమ్మ. మన గవ్వ తప్పదు. నేను ప్రెస్సుకి రోజూ వెళ్ళడం మానేశాను. పుస్తకాలకి మడతపెట్టే అచ్చుకాగితాలు, అదే మా ప్రెస్సు ఫారాలు, ఇంటికి తెచ్చుకుంటున్నాను.

ఇప్పుడు తిట్టు.

నీ తమ్ముడు


జూలై 16

అగ్గిపెట్టెకి,

నీ ఉత్తరం బాత్రూములో తలుపేసుకుని మూడుసార్లు చదివాను. గదిలో ఆరు మంచాలు. ఎవరి ఏడుపు వాళ్ళు ఏడవడానికి ఉన్న చోటు అదొక్కటే, దానికీ బయట క్యూ.

నా కూతురు రా అది. ఉత్తరం రావడానికి తొమ్మిది రోజులు పడితే, ఆ తొమ్మిది రోజులు ఆగలేకపోయావా? ఆదివారం ఫోనుదాకానైనా? ఫోనులో నాకు ఇచ్చేది పది నిమిషాలే, నిజమే. కానీ "బడి మాన్పించనా" అన్న ప్రశ్నకి పది నిమిషాలు అక్కర్లేదు, ఒక్క నిమిషం చాలు. అందుకే నువ్వు అడగలేదు. నువ్వు పట్టిన కుందేలుకి చిన్నప్పట్నుంచీ మూడే కాళ్ళు.

నేను రావాలంటే నర్సింగు ట్రైనింగు వదిలేసి రావాలి. ఏడు నెలలు అయ్యాయి. మధ్యలో వెళితే మళ్ళీ మొదటి రోజు నుంచి మొదలని సంతకం పెట్టి చేరాను. సెలవంటే వార్డెను, ఎవరు పోయారు అని అడుగుతుంది. కాబట్టి రాను. రాలేనిదాన్ని కాబట్టి కాదనలేను. మీ బావ ఒప్పుకుని సంతకం పెట్టాడు కాబట్టి ఇద్దరు మగవాళ్ళూ ఆలోచించే చేసి ఉంటారని అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది.

టీచరమ్మ చేసిన పనికి నాకూ మండింది. అది వేరే సంగతి.

రెండు మాటలు విను. గవ్వని రోజూ బయటికి తీసుకెళ్ళు. బావ నిద్ర చెడగొట్టకు. రాత్రంతా గడ్డకట్టే గదుల్లో పెట్టెలు మోసే మనిషి. ఇంకొకటి. నువ్వు ప్రెస్సునుంచి తెచ్చుకునే పుస్తకాలన్నీ పనికిరానివాటి కట్టలోవేగా? ఆ ఆకుపచ్చదాంట్లో పేజీలన్నీ ఉన్నాయా?

అక్క


ఆగస్టు 11

అక్కా,

తప్పు చెయ్యలేదు కాబట్టి క్షమించమని అడగను. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు రెండు పూటలు తినలేదు, అది రాసుకో.

పుస్తకం ముప్ఫై రెండు పేజీలు. నీది పాపిష్టి నోరు. నా కాపీలో పదిహేడు నుంచి ఇరవైనాలుగుదాకా లేవు, ఒక మడత జారిపోయింది. ఏం పరవాలేదు, అసలు సంగతంతా మిగతాదాంట్లో ఉంది.

ముందుగది బడి, వెనకగది బావ నిద్ర. మధ్యలో తలుపు లేదు, నువ్వు కుట్టిన పూల కర్టెనే. బావకి మా వల్ల ఇబ్బందేమీ లేదు. కింద పిండిమర పొద్దున్న ఏడు నుంచి సాయంత్రం ఆరుదాకా ఆడుతూనే ఉంటుంది కదా, నేల అదురుతుంది, గ్లాసులో నీళ్ళు వణుకుతాయి. ఆ హోరులో బావ గుర్రు ఆగకుండా వినిపిస్తుంది. మేము మాట్లాడుకోవాలంటే అరవాల్సిందే. గవ్వ చెప్పే పదమూడో ఎక్కం ఎదురు మేడవాళ్ళకి కూడా వచ్చేసి ఉంటుంది.

దానికి భిన్నాలు ఎలా చెప్పాననుకున్నావ్? పెద్ద కాగితం ఒకటి ఇచ్చి మడవమన్నాను. ఒక మడత, సగం. రెండో మడత, పావు. మూడో మడతకి ఎనిమిదో వంతు, కత్తిరిస్తే పదహారు పేజీలు. ఒక్క పూటలో వచ్చేసింది. మర్నాడు నా పని ఫారాలు నాకంటే తిన్నగా మడిచింది. "మావయ్యా, పుస్తకమంటే చాలాసార్లు సగం చేసిన కాగితం" అంది. ఏ టీచరమ్మ నేర్పుతుంది ఈ మాట?

లైబ్రరీకి మాత్రం ఇక వెళ్ళం. అక్కడి గుమాస్తా, బడి టైములో పిల్లతో ఇక్కడేం పని అన్నాడు. అడిగాడు కాబట్టి చెప్పాను. ముప్పావుగంట చెప్పాను. మధ్యలో గొంతు కాస్త లేచింది. నా కార్డు లాక్కున్నారు.

పళ్ళు కొరుకుతూ నవ్వుతున్న నీ తమ్ముడు


అక్టోబరు 14

అక్కా,

శుభవార్త. పిండిమర మూతపడింది. మోటారు కాలిపోయిందట, ఆయన షట్టరు దించి తాళం వేసుకుని వాళ్ళ అన్న దగ్గరికి వెళ్ళిపోయాడు. మంగళవారం పొద్దున్న గవ్వా నేనూ ఏదో తేడాగా ఉందని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. గోడగడియారం చప్పుడు వినిపిస్తోంది. ఆరేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాం, ఆ గడియారానికి చప్పుడుందని మొదటిసారి తెలిసింది. చదువుకి ఇంతకంటే ఏం కావాలి?

టైంటేబులు ఒకటి గీశాను. నవ్వకు. నాలుగింటికి నా కట్టలు ప్రెస్సులో అప్పగించాలి, అయిదింటికి బావ లేచేసరికి వంట అవ్వాలి, నీళ్ళు వచ్చేది పదకొండింటికి. వీటన్నిటి మధ్య చదువుని ఎక్కడో ఒకచోట ఇరికించాలి కదా. గళ్ళు గీసి గోడకి అంటించాను. గంట మాత్రం పెట్టలేదు.

బయటికి తీసుకెళ్ళమన్నావు. పార్కు వాచ్‌మన్‌తో మాటామాటా పెరిగింది, నాలుగు దాటేదాకా రావద్దన్నాడు; నాలుగింటికి నేను ప్రెస్సు దగ్గర ఉంటాను. మూలమీద కొట్టాయన, పిల్లకి ఒంట్లో బాగుండదా ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది అన్నాడు. ఆ మాటకి నేనన్నది ఇక్కడ రాయను. ఇప్పుడు సబ్బు కోసం రెండు వీధులు ఎక్కువ నడుస్తున్నాను. పరవాలేదు, ముందు ఇంట గెలుద్దాం, రచ్చ సంగతి మార్చిలో చూద్దాం.

తమ్ముడు


నవంబరు 1

అగ్గిపెట్టెకి,

మీ బావ ఉత్తరం రాశాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఇది రెండోది, మొదటిది గ్యాసు కనెక్షన్ కాగితం గురించి. మొత్తం ఉత్తరం ఇదే: "నిద్ర పట్టడం లేదు. మూడు వారాలయింది. మిగతా అంతా బాగుంది."

ఆ మనిషి నోరు విప్పి ఒక మాట చెప్పాడంటే లోపల పది ఉన్నాయన్నమాట. అక్కడ పెట్టెలు క్రేన్లతో ఎత్తుతారు, నిద్ర చాలని కళ్ళతో రాత్రి ఒక్క అడుగు అటో ఇటో పడితే ఏమవుతుందో నాకు చెప్పక్కర్లేదు, వార్డులో అలాంటివాళ్ళని రోజూ చూస్తున్నాను. ఇదివరకు మర చప్పుడులో మీ అరుపులు కలిసిపోయేవి. ఇప్పుడు ప్రతి మాటా కర్టెన్ దాటి ఆయన చెవిలో పడుతోంది.

నిన్ను తప్పు పట్టడం లేదు. నెమ్మదిగా మాట్లాడండి. ఇద్దరూ. గవ్వకి చెప్పు, నాన్న కోసమని చెప్పు, వింటుంది.

అక్క


నవంబరు 19

అక్కా,

నీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాను. శ్రమజీవి నిద్ర దొంగిలించి పిల్లకి చదువు చెబుతున్నానన్నమాట. ఆ రోజే గవ్వని కూర్చోబెట్టి చెప్పాను. అది ఒక్క ప్రశ్న అడిగింది: "నాన్న క్రేను కింద పడతాడా?" పడడు, మనం నెమ్మదిగా ఉంటే పడడు అన్నాను.

ఇప్పుడు వచ్చి చూడు మా ఇల్లు. కుర్చీ కాళ్ళకి పాత దుప్పటి ముక్కలు కట్టాం. పలక మీద బలపం గీరుకుంటుందని మానేశాం, పెన్సిలే. గిన్నెలు తువ్వాలు మీద దించుతాం. గోడగడియారం సెల్లు తీసేశాను. పాఠమంతా గుసగుసల్లోనే. అవును అంటే బల్ల మీద ఒక వేలు, కాదు అంటే రెండు వేళ్ళు, అర్థం కాలేదు అంటే అరచెయ్యి. గవ్వ అయితే నా పెదవులు చూసి సగం మాట ముందే పట్టేస్తోంది. దానికిదో ఆట. దగ్గు వస్తే దిండులో మొహం పెట్టుకుని దగ్గుతుంది. నేను మరిచిపోయి కాస్త గొంతు లేపితే కర్టెన్ వైపు చూపిస్తుంది: "నాన్న పడుకున్నాడు."

నేను కూడా మారాను. నెల రోజులుగా ఎవరిమీదా అరవలేదు. అరవడానికి ఎవరూ లేరు కూడా. ఇంత కుదురుగా చదివే పిల్ల ఏ బడిలోనూ ఉండదు, పందెం.

నిశ్శబ్దంగా,
తమ్ముడు


డిసెంబరు 27

తమ్ముడూ,

ఈ ఉత్తరం ఎలా రాయాలో తెలియక వారం వాయిదా వేశాను.

గవ్వ నాతో మాట్లాడటం లేదు. ఆదివారం పది నిమిషాల కోసం మిగతా ఆరు రోజులు గడుపుతాను రా నేను. మొదట్లో ఫోను ఎత్తగానే "అమ్మా" అని అరిచేది, పక్క మంచం అమ్మాయికి కూడా వినిపించేది. ఇప్పుడు ఊపిరి వినిపిస్తుంది, ఏదో గొణుగుతుంది, నేను ఏమిటమ్మా ఏమిటమ్మా అంటూనే ఉంటాను, వార్డెను వచ్చి టైమయిందంటుంది. కిందటి వారం పది నిమిషాల్లో నాకు అర్థమైన మాటలు మూడు.

దానికి నామీద కోపం. వదిలేసి వచ్చాననే కదా. నువ్వు దానికి ఏం చెబుతున్నావో నాకు తెలియదు. నీ పుస్తకాల్లో, పిల్లల్ని ఇతరులకి వదిలేసి వెళ్ళే తల్లుల గురించి ఏమన్నా రాసి ఉందా? ఉంటే అది పాఠంగా చెప్పావా?

రాశాక చింపేద్దామనుకున్నాను. చింపడం లేదు.

అక్క


జనవరి 8

అక్కకి,

చింపి ఉండాల్సింది.

పొద్దున్న లేచి వంట, నీళ్ళు, పాఠం, మడతలు, మళ్ళీ వంట. ఇరవై రెండేళ్ళవాణ్ణి, నా ఈడువాళ్ళు ఎక్కడ ఉన్నారో కూడా తెలియదు. మూడు నెలలుగా ప్రెస్సూ ఇల్లూ తప్ప మూడో గడప తొక్కలేదు. గుసగుసలాడీ గుసగుసలాడీ నా గొంతు నాకే ఎవరిదోలా ఉంటుంది. ఒకోసారి మడతలు పెడుతుంటే ఈ రెండు గదులు కూడా ఎవరో మడిచినట్టుంటుంది: సగం, పావు, ఎనిమిదో వంతు. ఇంకా మడవడానికి చోటు లేదు. బడి అనే పెనం మీంచి తీసి పిల్లని పొయ్యిలో వేశానా అని నాలో నేనే అనుకుంటున్న టైములో నీ ఉత్తరం.

నీమీద ఒక్క మాట చెప్పలేదు దానికి. నీ ఫొటో టైంటేబులు పక్కనే అంటించింది, నువ్వు నర్సు టోపీలో ఉన్నది. నీ దగ్గర ఫోను బాగుండదు. ఇక్కడ నాకు దాని ప్రతి మాటా వినిపిస్తుంది.

మార్చి అయిదున పరీక్ష. అది అయ్యేదాకా ఫోనులో నేను మాట్లాడను, గవ్వ మాట్లాడుతుంది.

తమ్ముడు


ఫిబ్రవరి 26

అగ్గిపెట్టెకి,

నీ కోపం తగ్గిందో లేదో, నాది తగ్గింది. క్షమాపణ అడగడం మనింట్లో ఎవరికీ చేతకాదు కాబట్టి తరవాతి సంగతికి వెళ్తున్నాను.

ఈ నెల నన్ను చెవి ముక్కు గొంతు వార్డులో వేశారు. నిన్న ఒక పేషెంటు, నా వయసుదే, గుసగుసగానే మాట్లాడుతోంది. గొంతులో ఏమీ లేదన్నారు డాక్టరు. ఏడాదిగా మంచాన ఉన్న అత్తగారి పక్కన కూర్చుని అలా అలవాటైందట, ఇప్పుడు గట్టిగా మాట్లాడమంటే రావడం లేదు. ఆవిడ మాట మళ్ళీ చెప్పించుకుని విన్నాను. అచ్చం ఫోనులో గవ్వలా ఉంది.

ఒక్క పని చెయ్యి. గవ్వని మేడమీదికి తీసుకెళ్ళి, గట్టిగా నన్ను పిలవమను. పిలవగలిగితే నాది పిచ్చి అనుకుని నవ్వుకో. పరీక్షకి ముందే చెయ్యి. ఆదివారం ఫోనులో చెబుదామనుకున్నాను, కానీ ఫోను దాని చేతిలో ఉంటుందిగా, దానికే ఎలా చెప్పను?

అక్క


మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. పరీక్ష అయిన మూడు రోజులకి.

పొడుగాటి హాలు, పైన ఫ్యాన్లు, వరసగా బల్లలు. రాతపరీక్ష ముందే ముగించింది. చూసిన ఆవిడ ఇంకో ఆవిడకి చూపించింది, ఇద్దరూ తలూపారు. నేను గాల్లో ఉన్నాను. నోటి పరీక్షకి పెద్దాయన ఒకాయన కూర్చున్నారు, ఆయన గురించి చెడ్డగా రాద్దామన్నా ఏమీ లేదు. పుస్తకం తెరిచి చదవమన్నారు. గవ్వ చదివింది. పెదవులు ఆడుతున్నాయి. గట్టిగా అమ్మా అన్నారు. మళ్ళీ పెదవులే. భయపడకు, గట్టిగా అన్నారు.

అది నావైపు చూసింది. నేను చెయ్యి లేపాను, సైగ చేద్దామని. అప్పుడు తట్టింది అక్కా. అవునుకి సైగ ఉంది, కాదుకి ఉంది, అర్థం కాలేదుకి ఉంది. 'గట్టిగా' అనడానికి మా దగ్గర సైగ లేదు.

పక్క బల్ల ఆవిడ, పాపకి మాటలు రావా అంది. నేను లేచి అరిచాను. నా పిల్లకి ఎన్ని మాటలొచ్చో మీకేం తెలుసు అని, ఇంకా ఏమేమో. ఆ హాలులో గట్టిగా మాట్లాడింది నేనొక్కణ్ణే. గవ్వ నా చొక్కా అంచు పట్టుకుని లాగుతోంది. పెద్దాయన లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి, దాని పక్కన గొంతుకూర్చుని చెవి దగ్గర పెట్టారు. ఏదో అడిగారు. అదేదో చెప్పింది. ఆయన లేచి, కాగితం మీద ఒక ముక్క రాసుకున్నారు. ఏం చెప్పావే అని దారంతా అడిగాను. బల్ల లేదుగా, నా చేతి మీదే రెండు వేళ్ళు కొట్టింది.

ఇంటికొచ్చి బావకి చెప్పాను. మంచం మీద లేచి కూర్చుని నేల చూస్తూ విన్నాడు. తరవాత అన్నాడు:

"నేను పడుకోవడం లేదు, బామ్మర్దీ."

తెలుసు బావా, ఇంకా ఏం చెయ్యాలో మాకు తెలియడం లేదు అన్నాను.

"చప్పుడు లేక పట్టడం లేదు. పదేళ్ళు కంప్రెసర్ల మధ్య పని చేశాను, పగలు కింద మర. అది ఆగిన రోజు నుంచీ నిద్ర లేదు. మీరు నాకోసం కుర్చీలకి గుడ్డలు కడుతుంటే ఏమని చెప్పను? కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. వినీ వినపడని మాటకి చెవి ఇంకా సాగుతుంది. పద్నాలుగో ఎక్కందాకా నాకూ వచ్చేసింది."

మరి అక్కకి రాశావు కదా, కారణం ఎందుకు రాయలేదంటే, అడగలేదుగా అన్నాడు. ఇంకొకటి. బడి మాన్పించింది నువ్వు చెప్తేనే అనుకుని సంతకం పెట్టాడట. నువ్వేమో ఆయన ఒప్పుకున్నాడని ఊరుకున్నావు. ఇద్దరి పేరు చెప్పుకుని నేను ఊరేగాను.

నీ ఉత్తరం చదివాక గవ్వని మేడెక్కించాను. అమ్మని పిలవవే అన్నాను. నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి. గాలే వచ్చింది.

నోటిమీద వేలు తీయిస్తానని తీసుకొచ్చాను. ఆ వేలు తీసి లోపల పెట్టాను.

తమ్ముడు


మార్చి 21

తమ్ముడూ,

ఆ వేలు నువ్వొక్కడివే పెట్టలేదు. నెమ్మదిగా మాట్లాడండి, నాన్న కోసమని చెప్పు, వింటుంది అని రాసింది ఎవరు? ఆ ఉత్తరం నీ దగ్గర ఉంటే చింపకు, దాచు.

నిద్ర పట్టడం లేదని పేషెంటు అంటే ముందు ఎందుకని అడగాలి అని మాకు మొదటి నెలలో నేర్పారు. పరాయివాళ్ళని రోజుకి ఇరవై మందిని అడుగుతున్నాను. ఇంటి మనిషిని అడగలేదు.

సెలవు అడిగాను. ఎవరు పోయారంది వార్డెను. ఎవరూ పోలేదు, నా కూతురి గొంతు పోయింది అన్నాను. దానికి కాగితం తెమ్మంది. ఇంకా తొమ్మిది నెలలు.

డాక్టరుని అడిగాను. గొంతు చెడదు, అలవాటే, వస్తుంది అన్నారు. తొందరపెట్టొద్దట. అరవమంటే రాదట, అరవాల్సిన అవసరం వస్తే వస్తుందట. అందుకు చోటుండాలి, పక్కన పిల్లలుండాలి అన్నారు.

ఆదివారం ఫోను మాననివ్వకు. ఊపిరి వినిపిస్తే చాలు. ఇప్పుడు అది కోపం కాదని తెలుసు.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

విద్యాశాఖ కాగితం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. చదవడం: అంచనా వేయలేకపోయాం. రాయడం: చాలా బాగుంది. లెక్కలు: వయసుకి మించి ఉంది. నోటి పరీక్ష: వినబడలేదు. కింద 'పిల్ల కోరిక' అని ఒక గడి ఉంది. అందులో పెద్దాయన చేతిరాతతో ఇలా ఉంది: "ఇంటర్వెల్ గంట కొట్టాక అందరితో కలిసి అరవాలని ఉంది."

జూన్ నుంచి పాత బడికే పంపాలి. టీచరమ్మ ఆవిడే.

నాలుగు పేజీల అభ్యంతర పత్రం రాశాను. గవ్వ అంతా చదివింది. రెండు చోట్ల పదాలు దిద్దింది, బాగుందని బల్ల మీద ఒక వేలు కొట్టింది. తరవాత నా చెవిలో, "పంపకు మావయ్యా" అంది. ఆ టీచరు మళ్ళీ నిలబెడితేనో అన్నాను. గోడవైపు నిలబెడుతుంది, ఇంటర్వెల్‌కి వదులుతుందిగా అంది. పంపలేదు. హెడ్మాస్టరుకి పెన్నుల స్టాండు కొని తీసుకెళ్ళాను. తీసుకున్నాడు. కూర్చోమనలేదు.

ఆకుపచ్చ పుస్తకం నిండు కాపీ ఒకటి ప్రెస్సులో దొరికింది. ఆ ఎనిమిది పేజీల్లో ఏముందో చూద్దామని తీశాను. ఖాళీ గళ్ళు. మనం నింపుకోవడానికి టైంటేబులు గళ్ళు, ఎనిమిది పేజీల నిండా. నేనే నింపేసుకున్నాను కదా ముందే.

బావ ఒక ఆట కనిపెట్టాడు. కుర్చీ గుడ్డలన్నీ విప్పించాడు. గడియారానికి సెల్లు వేయించాడు. పొద్దున్న వచ్చి తిని మంచమెక్కి, గవ్వని ముందుగదిలో చదవమంటాడు. అది గుసగుసగా మొదలుపెడుతుంది. కర్టెన్ అవతలినుంచి "వినబడలేదు" అంటాడు. అది ఇంకొంచెం పెంచుతుంది. "వినబడలేదు." ఇంకొంచెం. మొదటి వారం రోజుకి వందసార్లు అన్నాడు పాపం. రెండో వారం గొంతులో ఒక జీర వచ్చింది, తలుపు కిర్రుమన్నట్టు. అంత అందమైన చప్పుడు నేనెప్పుడూ వినలేదు. నిన్న 'నది' అనే మాట నాకు కిటికీ దగ్గరికి వినిపించింది.

ఇవాళ మధ్యాహ్నం నదుల పాఠమే చదువుతోంది. ఒక పేజీ అయింది. కర్టెన్ అవతల మాట లేదు. గవ్వ ఆగి చూసి, ఇంకొంచెం పెంచి చదివింది. మాట లేదు. ఇంకా పెంచింది, అక్కా, నిజంగా గొంతే, దాని పాత గొంతు అంచు. మాట లేదు. నాకు నవ్వొస్తోంది, ఆపకు ఆపకు అని చెయ్యి ఊపుతున్నాను. అది పుస్తకం పక్కన పెట్టి, మునివేళ్ళ మీద వెళ్ళి, కర్టెన్ పక్కకి జరిపి చూసింది.

బావ గుర్రు పెడుతున్నాడు. ఆరు నెలల తరవాత, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి. కూతురి గొంతు విని పడుకున్నాడు.

గవ్వ మునివేళ్ళ మీదే తిరిగి వచ్చింది. దాని మొహం వెలిగిపోతోంది. గోడ దగ్గరికి కుర్చీ జరిపి, ఎక్కి, గడియారం సెల్లు తీసింది. వచ్చి నా ముందు నిలబడి, నోటిమీద వేలు పెట్టుకుని గుసగుసగా చెప్పింది.

"నాన్న పడుకున్నాడు."

కాదే, చదువు, గట్టిగా చదివితేనే పడుకుంటాడే అని చెప్పబోయాను. నా గొంతు నీకు తెలుసుగా, మెల్లగా మొదలై లేస్తుంది. మొదటి మాట దాటకుండానే అది రెండు చేతులతో నా నోరు మూసేసింది. చేతులకి నా కట్టల జిగురు వాసన. కళ్ళతో బతిమాలుతోంది.

నేను అరవలేదు అక్కా. దాని అరచేతుల వెనక, కదలకుండా, ఆయన లేచేదాకా అలాగే ఉన్నాను.

తమ్ముడు